ఆరో పేజీలో ఎడ్ల బొమ్మ

2 ఫిబ్రవరి 1998, బోధన్

ఈ డైరీ పోయినేడాదిది. నిజామాబాద్‌లో అవ్వ దగ్గర బీడీలు తీసుకునే మున్షి ఇచ్చాడట, "సదువుకునే బిడ్డ ఉన్నది గదా" అని. నా చదువు అయిపోయి రెండేళ్లయిందని అవ్వ ఆయనకు చెప్పలేదు. అచ్చయిన తేదీలు కొట్టేసి రాస్తున్నాను.

ఈ రోజు బాలనర్సయ్య సారు మా ఆరుగురు రైతుబడి టీచర్లను సంఘం ఆఫీసులో కూర్చోబెట్టి హైదరాబాద్ ట్రస్టు ఉత్తరం చదివారు. మాకు నలభై రోజుల శిక్షణ ఇప్పించడానికి డబ్బు ఇచ్చే ఆలోచన ఉందట. పరిశోధన కేంద్రంలో ఉండి మట్టి, ఎరువు, పురుగు, అన్నీ చేత్తో పట్టుకుని నేర్చుకోవచ్చు. జీతం ఆగదు. ఏప్రిల్‌లో ఒక ఆఫీసరు వచ్చి మేము ఇప్పటివరకు ఏం నేర్పామో పొలాల్లో చూసి తేలుస్తాడు.

"నలభై దినాలు కూసోబెట్టి బువ్వ పెట్టి జీతమిస్తరా సార్? నాకు ఇల్లరికం సంబంధం అచ్చినట్టే ఉన్నది" అన్నాడు ముత్తన్న. అందరం నవ్వాం. సారు నవ్వలేదు.

"ఇది రాకుంటే ఈ ఏడుతోని బడులు బంద్. మిమ్మల్ని ఉత్త పుస్తకాలతోని పొలాలకు తోలుడు నాతోని గాదు" అన్నారు.

ముత్తన్న వాళ్లది మగ్గాల ఇల్లు. మా బాపు మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోసే హమాలి. మిగతా నలుగురూ పట్నంలో పుట్టినవాళ్లే. రైతులకు సేద్యం చెప్పే మాలో సేద్యం చేసినవాళ్లు ఒక్కరూ లేరు. ఈ మాట ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఇక్కడ రాశాను.

నలభై రోజులు కావాల్సిందే.

9 ఫిబ్రవరి, చందూర్ నుంచి వచ్చాక

నా బడికి వచ్చే భోజన్న తోట నరకడం నిన్నటితో అయిపోయింది. చెరకంతా ఫ్యాక్టరీకి పోయింది. నేల మీద ఎండుటాకు మోకాలి లోతు ఉంది. ఇక్కడ ఎవరి తోట అయినా నరికిన సాయంత్రమే అగ్గి పెడతారు. కాలిన నేలలోంచి మొదళ్లు మళ్లీ చిగురిస్తాయి, అది రెండో ఏడు తోట. ఆకు కాల్చొద్దు, సాళ్ల మధ్య పరచండి, అదే మురిగి ఎరువవుతుంది అని మా చిన్న పుస్తకం చెబుతుంది. ఇంగ్లీషు పుస్తకం చూసి నేనే తెలుగు చేశాను. ఎనిమిది పేజీలు. చివర నా పేరుంది.

నేను పోయేసరికి భోజన్న అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు. చుట్టూ పదిమంది.

"పంతులమ్మా, ఇగో, ఒక్క పుల్ల గీస్తె పని అయిపోతది. నీ మాట ఇంటె నల్గురు కూలోళ్లు, రెండొద్దుల పని."

"అన్నా, పుల్ల గీస్తే నీ ఎరువు నువ్వే కాల్చుకుంటున్నావు."

"మా తాతలకు తెల్వని ఎరువా ఇది?"

"మీ తాతల నాటి ఎడ్లు అమ్మి ట్రాక్టర్ తెచ్చినవు కదా. అప్పుడు తాతను అడిగినవా?"

అందరూ ఘొల్లున నవ్వారు. భోజన్న కూడా. తర్వాత అగ్గిపెట్టె నా చేతిలో పెట్టాడు. "నీ దగ్గర్నే ఉంచు. తోట ఖరాబైతె వాపస్ అడుగుత. అప్పుడు సుత గిట్లనే మాట్లాడాలె."

సాయంత్రానికి ఎకరన్నర మీద ఆకు పరిచాం. అరచేతులు కోసుకుపోయాయి. అగ్గిపెట్టె ట్రంకుపెట్టెలో సర్టిఫికెట్ల కింద పెట్టాను.

10 ఫిబ్రవరి

ముత్తన్న బడి చెప్పే ఊళ్లో ముగ్గురు, చందూర్‌లో ఐదుగురు ఆకు పరిచారు. చందూర్‌లో ఐదో మనిషి తారాబాయి. బడికి వస్తుంది, ఏమీ అడగదు. వెనక కూర్చుని పుస్తకం తిరగేస్తూ ఉంటుంది. చదువు రాదు.

22 ఫిబ్రవరి, నిజామాబాద్

ఇంటికి పోయాను. అవ్వ నా పుస్తకాన్ని పాత చీర ముక్కలో చుట్టి దేవుడి పటం వెనక పెట్టింది. బీడీలు చుట్టే ఆడవాళ్లంతా చాటలు ఒళ్లో పెట్టుకుని వాకిట్లో కూర్చున్నప్పుడు దాన్ని తెచ్చి చూపించింది.

"గిది నా బిడ్డ రాసింది. ఇండ్ల దాని పేరుంటది. యాడుందే మణీ, సూపియ్యి."

చూపించాను. సుమిత్రమ్మ పెద్దమ్మ పేజీలు తిప్పి ఒకచోట ఆగింది. "ఎడ్ల బొమ్మ మంచిగేసిండ్రు. నిలవడ్డట్టే ఉన్నయి."

అది ఆరో పేజీ. సగం పేజీ ఖాళీ వచ్చిందని ప్రెస్సు రాజనర్సు తన దగ్గరున్న అచ్చు ఒకటి వేసేశాడు. జత ఎడ్లు. మేమైతే వేయమనలేదు.

అవ్వ తునికాకు మీద తడిబట్ట కప్పుతూ, "సదువంటె గిట్లుండాలె, పేరు అచ్చుల పడాలె" అంది.

14 మార్చి

భోజన్న తోటలో పిలకలు కొంచెం పసుపుగా ఉన్నాయి. ఎండలు ముందే వచ్చాయి.

16 మార్చి

కరెంటు సరిగ్గా రావడం లేదు. నీళ్లు చాలడం లేదు. అందుకే పసుపు. మట్టిలో ఇనుము తక్కువైనా పసుపు పడుతుందని ఇంకో పుస్తకంలో ఉంది.

ముత్తన్న ఊళ్లో ముగ్గురివీ పసుపే. వాళ్లకు సొంత బావులున్నాయి. నీళ్లు బాగానే ఉన్నాయి.

పక్కన కాల్చిన తోటలు పచ్చగా ఉన్నాయి. అవి వేరే రకం కావచ్చు.

21 మార్చి

వేరే రకం కాదు. అడిగాను. ఒకే రకం.

భోజన్న నన్ను చూసి గట్టు దిగి వచ్చాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"పంతులమ్మా, పచ్చకామెర్లు అచ్చినట్టయింది తోట. పొద్దుగాల మా ఇంటామె ఏమన్నదో ఎర్కేనా? ఆ పిల్ల సదువుకున్నది గని పొలం తొక్కలే, నువ్వెట్ల నమ్మినవ్ అన్నది. నేనేం చెప్పాలె?"

"వాన పడితే సర్దుకుంటుందన్నా."

"మార్చిల వాన యాడికెల్లి అస్తదమ్మా?"

ఆఫీసుకు పోయి సారుకు చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచారు. చందూర్‌లో ఒక్క తోట మాత్రం ముదురు ఆకుపచ్చగా ఉంది, తారాబాయిది అన్నాను.

"మంచిగాయె. ఆఫీసరు దేవిదాస్ గారు వస్తే జీపు సీదా తారాబాయి తోటకే పోతది. భోజన్న తోవల పోకుండ్రి."

"మిగతా ఏడుగురు, సార్?"

"ముందు పైసలు మంజూరు కానీ, గంగామణీ. నలభై రోజులు నేర్చుకున్నంక ఏడుగుర్ని సూస్కుందాం."

ఆయన చెప్పింది సరైనదే. నలభై రోజులు కావాలి. బడులు ఉండాలి. బడులే లేకపోతే ఈ ఏడుగురికి ఎవరు చెబుతారు.

సరైనదే.

24 మార్చి

ఆరో పేజీ.

27 మార్చి, చందూర్ నుంచి వచ్చాక

తారాబాయి దగ్గరికి పోయాను. వాళ్లాయన రామ్‌దాస్ ఫ్యాక్టరీకి చెరకు బండి తోలతాడు. ముప్పాతిక ఎకరం తోట. ఆమె పశువుల కొట్టం ఊడుస్తూ ఉంది.

"అక్కా, మీ తోట ఒక్కటే పచ్చగా ఉంది. ఏం చేసినవు?"

"ఏం జేస్త? నువ్వు చెప్పిందే చేసిన."

"అందరికీ అదే చెప్పిన కదా. ఆకు పరచమన్నా."

"పరిచినంక పెండనీళ్లు కొట్టిన. గోలెంల పెండ నానవెట్టి, రెండొద్దులు మురగవెట్టి, ఆకు మీదికెల్లి పోసిన. ఇంత యూరియా సుత కలిపిన, దొడ్లె మిగిలి ఉండె."

"అది నేను చెప్పలేదక్కా."

"నువ్వు నోటితోని చెప్పలే. పుస్తకంల ఉన్నది గదా."

"ఏది?"

లోపలికి పోయి పుస్తకం తెచ్చింది. పసుపు మరకలు, మూల మడత. నేరుగా ఆరో పేజీ తీసి, ఎడ్ల బొమ్మ మీద వేలు పెట్టింది.

"ఇగో. నాకు అచ్చరాలు రావు. బొమ్మలే సూస్త. పుస్తకమంత ఆకు బొమ్మలు, చెరుకు బొమ్మలు. ఈడికచ్చెటాల్లకు ఎడ్లున్నయి. ఎడ్లెందుకు పెట్టిండ్రు అని రాతిరి పండుకుని ఇచారం జేసిన. దున్నెతందుకు గాదు, మెడల కాడి లేదు. బండికి గాదు, బండి లేదు. ఉత్తగ నిలవడ్డయి. ఇగ పెండకే గదా. మా ఆయనకు చెప్తె, హో, గంతే గావచ్చు అన్నడు."

ఎడ్ల బొమ్మనూ ఆమెనూ మార్చి మార్చి చూశాను.

"ఎందుకే అట్ల సూస్తవు? తప్పు జేసిన్నా?" అంది.

28 మార్చి

రాయాలి. ఇంకెవరూ చదవరు కదా.

ఇంగ్లీషు పుస్తకంలో ఆరో పేజీకి సరిపడా ఒక పేరా ఉంది. పదకొండు వరుసలు. అందులో మూడు మాటలు నాకు అర్థం కాలేదు. నిఘంటువులో ఒకదానికి "కదలకుండా చేయుట" అని ఉంది. ఏది కదలదు, ఎందుకు కదలదు, తెలియలేదు. సారును అడగాలని రెండుసార్లు లేచాను. ఆ వారమే ఆయన ఎవరితోనో "మా గంగామణికి ఇంగ్లీషు మంచిగ వచ్చు, డిగ్రీ చేసింది" అన్నారు. నేను వినేలాగే అన్నారు. కూర్చుండిపోయాను. ఆ పేరా లేకపోయినా అర్థం చెడదని నాకు నేనే చెప్పుకున్నాను. వదిలేశాను. రాజనర్సు ఎడ్లు వేశాడు. బాగుంది అన్నాను. సంతోషపడ్డాను కూడా, ఖాళీ కనబడకుండా పోయిందని.

ఈ రోజు ఆ పేరా మళ్లీ తీసి కూర్చున్నాను. తారాబాయి చెప్పింది విన్నాక ప్రతి మాటా అర్థమైంది. ఎండుటాకు మురగాలంటే దానిలోని సూక్ష్మజీవులకు నత్రజని కావాలి. వేరే దొరక్కపోతే నేలలోది లాగేసుకుంటాయి. పైరుకు మిగలదు. పసుపు పడుతుంది. కాబట్టి ఆకు పరిచిన వెంటనే పేడనీళ్లు చల్లాలి, కొంచెం యూరియా వేయాలి. ఇదీ పదకొండు వరుసలు.

చదువు వచ్చినవాళ్లంతా అక్షరాలు చదివి బొమ్మను వదిలేశారు. చదువు రాని మనిషి బొమ్మను చదివింది.

ఎండలు కాదు. కరెంటు కాదు. ఇనుము కాదు.

30 మార్చి

సారుకు చెప్పాను. నిలబడే చెప్పాను.

"అచ్చుకు పోయే ముందు నేను సూడాల్సుండె. చూడకుండనే సంతకం పెట్టిన" అన్నారు. నన్ను తిడతారనుకున్నాను. అది ఇంకా కష్టంగా ఉంది.

నేను ట్రస్టుకు రాసిన దరఖాస్తు తీసి ఆయన ముందు పెట్టాను. "మీ ఉపాధ్యాయులకు ఈ శిక్షణ ఎందుకు అవసరం" అన్న చోట సారు రాసింది: మా ఉపాధ్యాయులు అనుభవజ్ఞులు, రైతుల మన్నన పొందినవారు.

"సార్, అనుభవం ఉంటే శిక్షణ ఎందుకు అని అడగరా?"

"నీకు తెల్వదమ్మా. ముప్పై ఏండ్లు సర్కారు నౌకరి చేసిన. మా పని ఖరాబైంది, పైసలియ్యిండ్రి అని ఎవ్వడన్న అడుగుతడా?"

"మరి మన పని మంచిగుంది, పైసలియ్యిండ్రి అంటే, ఆ పైసలు మనకెందుకు సార్? మంచిగున్న వాళ్లకెందుకు?"

"గంగామణీ, ఆరుగురి బతుకిది. నీ ఒక్కదాని తప్పుకు ముత్తన్న నౌకరి పోవాల్నా?"

ఒకటే అడిగాను: ఆఫీసరు వచ్చేలోగా ఏడు తోటల్లో పేడనీళ్లు పోయించడానికి సెలవు ఇవ్వండి. ఇచ్చారు.

1 ఏప్రిల్, చందూర్

భోజన్నకు చెప్పాను. గట్టు మీద, నలుగురి ముందే. అగ్గిపెట్టె ఇచ్చినప్పుడూ నలుగురున్నారు కదా.

"అంటె నీకు తెల్వకనే చెప్పినవ్."

"అవునన్నా."

"తెల్వదని తెల్సు. అయినా చెప్పినవ్."

"అవును."

తలగుడ్డ తీసి మోకాలి మీద పరిచి మళ్లీ చుట్టుకున్నాడు. "నేను ట్రాక్టర్ కొన్నప్పుడు డ్రైవింగ్ అస్తదని చెప్పి కాలువల వడేసిన. గని నాది నేను వడేసిన. నువ్వు నాది వడేసినవ్."

"పచ్చబడతది అన్నా. పేడనీళ్లు పోయాలి."

"నాకాడ ఎడ్లు లెవ్వు. నువ్వే చెప్తివి, అమ్మిన అని."

"తారాబాయి కొట్టంలో పేడ ఉంది. నేను తెస్త."

"నువ్వే తెస్తవు, నువ్వే మురగవెడ్తవు, నువ్వే పోస్తవు. నా కూలోళ్లు ముట్టరు."

"సరే."

4 ఏప్రిల్

మూడు రోజులు. ముత్తన్న పిలవకుండానే వచ్చాడు. "ఇల్లరికం సంబంధమనుకుంటి, పెండ మోసుడాయె" అంటూ కావడి ఎత్తుకున్నాడు. అతనికి చెప్పాను, నా తప్పుతో నీ నౌకరి పోవచ్చు అని. "నువ్వు ఇడిసిపెట్టిన పేజీని నేను సుత మా ఊళ్లె సదివి ఇనిపించిన గదా. నేనన్న అడిగిన్నా, ఈడ ఎడ్లెందుకున్నయని?" అన్నాడు.

తారాబాయి కొలత చెప్పింది. చెరువు నీళ్ల రంగు రావాలి, సాంబారు రంగు కాదు. ఇంగ్లీషు పుస్తకంలో లీటర్లు ఉన్నాయి. ఆమెది చూడగానే అర్థమైంది.

రెక్కలు విరిగిపోతున్నాయి. రేపటి నుంచి ముత్తన్న ఊరు.

12 ఏప్రిల్, నిజామాబాద్

అవ్వకు చెప్పకుండా వచ్చేద్దామనుకున్నాను. ఆమె మళ్లీ ఎవరికో పుస్తకం చూపిస్తూ ఉంటే తట్టుకోలేక చెప్పేశాను. అందులో తప్పుంది అవ్వా, నా వల్ల ఎనిమిది తోటల్లో ఏడు పాడయ్యాయి అని.

కత్తెరతో తునికాకు కోస్తూనే ఉంది. ఆకు మీద రేకు పెట్టి, చుట్టూ కోసి, పక్కన పెట్టింది. ఇంకొకటి తీసింది.

"కొత్తల నేను సుట్టిన బీడీలు మున్షి ఒక్కొక్కటే ఇరిసి నా ముంగటనే పారేస్తుండె. ఆరొద్దులు. సుట్టుడు, ఇరుసుడు. ఏడొద్దు మీ నాయినమ్మ అడిగింది, తడి వెట్టినవానే ఆకుకు అని. లే. ఎవ్వలు చెప్పలే. ఎండుటాకు ఒంగుతదా? ఇరుగుతది."

"అప్పుడు ఏం చేసినవు?"

"ఏం జేస్త? తడివెట్టి మల్ల సుట్టిన. నువ్వు సుత గంతే." తర్వాత పుస్తకాన్ని మళ్లీ చీర ముక్కలో చుట్టి లోపల పెట్టింది. "గని మంది ముంగట తప్పని చెప్పకు. ఈడ ఎవ్వలకు చెర్కు తోటల్లేవు" అంది.

చాలా రోజుల తర్వాత నవ్వాను.

19 ఏప్రిల్

రేపే దేవిదాస్ గారు వచ్చేది. భోజన్న తోటలో కొత్త ఆకులు పచ్చగా వస్తున్నాయి, పాతవి ఇంకా పసుపే. సగం సగం.

సారు దరఖాస్తు మార్చలేదు. జీపు తారాబాయి తోటకే.

నేను ఏం చేస్తానో నాకు తెలుసు. ముత్తన్న మొహం గుర్తొస్తే తెలియడం లేదు.

20 ఏప్రిల్

దేవిదాస్ గారు పొట్టిగా, ఎండకు కమిలి ఉన్నారు. ఆఫీసరు అనుకోలేం. నాందేడ్ వైపు ఊరట. తారాబాయిని చూడగానే "కస కాయ్, తాయీ?" అని మొదలుపెట్టారు. పుట్టింటి మాట వినగానే ఆమె మొహం విప్పారింది. ఇద్దరూ మరాఠీలో మాట్లాడుకుంటూ తోటలోకి దిగారు. నాకు సగమే అర్థమవుతోంది. ఆయన ఒక పిలక పట్టుకుని ఏదో అడిగారు. ఆమె కొంగులోంచి పుస్తకం తీసింది.

ఎడ్ల బొమ్మ కథ మొత్తం చెప్పింది. చేతులు తిప్పుతూ, కాడి లేదని, బండి లేదని. ఆయన పడీ పడీ నవ్వారు. సారు కూడా నవ్వాలని చూశారు.

తర్వాత దేవిదాస్ గారు నవ్వడం ఆపి పేజీ ఇటు తిప్పి అటు తిప్పి చూశారు. తెలుగులో అడిగారు: "ఐదో పేజీలో ఆకు పరచమన్నారు. ఏడులో కలుపు గురించి ఉంది. మధ్యలో పేడనీళ్ల మాట ఎక్కడుంది?"

సారు నా వైపు చూడలేదు. ముత్తన్న చూశాడు. గడ్డం కొంచెం ఎత్తాడు, చెప్పు అన్నట్టు.

"లేదు సార్. అక్కడ ఉండాల్సింది. నాకు అర్థం కాక వదిలేశాను. ఆ ఖాళీలో ఎడ్లు వేశారు. ఈమె ఒక్కరి తోట ఇట్లుంది. ఇంకో ఏడు తోటలున్నాయి. చూస్తారా?"

జీపు భోజన్న తోవ పట్టింది.

భోజన్న ఏమీ దాచలేదు. "సార్, ఈ పిల్ల మాటిని నా తోట పచ్చకామెర్ల పాలయింది. సదువుకున్నోళ్లు తెల్వది తెల్వదని అనరు. గదే వాళ్ల బీమారి." ఒక్క క్షణం ఆగి, చెప్పడం ఇష్టం లేనట్టు అన్నాడు: "గని మూడొద్దులు పెండనీళ్లు మోసింది. గది సుత రాసుకోండ్రి."

దేవిదాస్ గారు ఏమీ రాసుకోలేదు. పసుపు ఆకు ఒకటి, పచ్చ ఆకు ఒకటి తెంపి జేబులో పెట్టుకున్నారు. జీపు ఎక్కేముందు నన్ను అడిగారు, "ఆ పేరా ఇప్పుడు మీకు అర్థమైందా?"

"అయింది సార్."

"ఎవరు చెప్పారు?"

తారాబాయి వైపు చూపించాను.

21 ఏప్రిల్

సారు మాట్లాడలేదు. నేను నా పాఠం చెప్పి వచ్చాను.

9 మే

ఉత్తరం లేదు. మిగతా ఆరు తోటలకూ పేడనీళ్లు పోయడం అయిపోయింది. ఇందల్వాయి నుంచి ముత్తన్నకు నిజంగానే సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి నౌకరి గట్టిదేనా అని అడిగాడట. "జూన్ల చెప్త అన్న" అని చెప్పాడు ముత్తన్న. నవ్వుతూనే చెప్పాడు.

6 జూన్

ఉత్తరం వచ్చింది. నలభై రోజులు ఇవ్వరు. ఇరవై రోజులు ఇస్తారు, ఆరుగురికీ. రెండు షరతులు. ఇరవైలో పది రోజులు పరిశోధన కేంద్రంలో, పది రోజులు చందూర్ తోటల్లో. ఆ పది రోజులకు తారాబాయిని శిక్షకురాలిగా పెట్టాలి, జీతమిచ్చి. రెండోది, దరఖాస్తు మళ్లీ రాసి పంపాలి.

సారు ఉత్తరం రెండుసార్లు చదివారు. కొత్త దరఖాస్తు కాగితం నా ముందుకు జరిపి, "ఎందుకు అవసరమో నువ్వే రాయి. ఈసారి నేను సదివి సంతకం పెడ్త" అన్నారు.

"మాకు తెలియనిది తెలియదని చెప్పడం ఇంకా అలవాటు కాలేదు. అడగడం నేర్చుకోవాలి. అందుకు" అని మొదలుపెట్టాను. మిగతాది రెండు పేజీలు అయింది.

శిక్షకుల పట్టికలో "విద్యార్హత" అని ఒక గడి ఉంది. తారాబాయి పేరు ఎదురుగా ఏం రాయాలో సారుకు తోచలేదు. ఐదో తరగతి అని వేద్దామా అన్నారు. వద్దన్నాను. "ఆరో పేజీ పాస్ అని రాయుండ్రి" అన్నాడు ముత్తన్న.

నేను రాశాను: చదువుకోలేదు. పద్నాలుగేళ్లుగా చెరకు పండిస్తున్నది.

నలభైలో ఇరవై వచ్చాయి. మిగతా ఇరవై వచ్చే ఏడు అడుగుతాను.

17 జులై, చందూర్

శిక్షణలో తోటల వంతు ఈ రోజు మొదలు. పరిశోధన కేంద్రంలో పది రోజుల్లో చేతికి అంటిన మట్టి నా ఇరవై మూడేళ్లలో అంటలేదు. అక్కడ మొదటి రోజే చెయ్యెత్తి, "సార్, ఆ మాట నాకు అర్థం కాలేదు" అన్నాను. ఏమీ కాలేదు. వాళ్లు మళ్లీ చెప్పారు. ఇంత చిన్న పని.

తారాబాయి కొత్త చీర కట్టుకుని వచ్చింది. మా ఆరుగురినీ గట్టు మీద కూర్చోబెట్టి ఏం మాట్లాడాలో తెలియక కాసేపు నిలబడింది. తర్వాత ఒక పిలక పీకి మా చేతుల్లో పెట్టింది. "సదువుండ్రి" అంది.

పుస్తకం రెండో అచ్చుకు పోతోంది. పదకొండు వరుసలూ ఉన్నాయి. చోటు చాలదు, ఎడ్లు తీసేస్తాను అన్నాడు రాజనర్సు. తీయొద్దు, అక్షరాలు చిన్నవి చెయ్యి అన్నాను.

9 జనవరి 1999

ఈ డైరీలో మిగిలింది చివరి పేజీ. దీనికోసమే ఉంచినట్టుంది.

భోజన్న నిన్న కబురు పంపాడు: "తోట నరుకుడైంది. నా అగ్గిపెట్టె తెమ్మను."

రాత్రంతా దాని గురించే. ఈసారి దిగుబడి తక్కువే వచ్చింది, నాకు తెలుసు. అడిగే హక్కు అతనికుంది. పొద్దున ట్రంకుపెట్టెలో సర్టిఫికెట్ల కింద నుంచి తీసి, మొదటి బస్సుకు పోయాను.

నేల మీద ఎండుటాకు మోకాలి లోతు. భోజన్న గట్టు మీద, నోట్లో బీడీ, చెయ్యి చాపి ఉన్నాడు. అగ్గిపెట్టె అతని చేతిలో పెట్టాను. మాట్లాడలేదు. పోయినేడు మాట్లాడిందే చాలు.

ఒక పుల్ల గీశాడు. అంటుకోలేదు. ఇంకోటి. మందు రాలిపోయింది. మూడోది విరిగింది. వానాకాలమంతా పెట్టెలో చెమ్మ పట్టిపోయింది.

"ఎట్లుంచినవే ఇది?" అన్నాడు. "బీడీ ముట్టించుకుందామంటె ఒక్కటి అంటదు. మంది అగ్గి సుత ఆర్పేసెటట్టున్నవ్."

బీడీ ముట్టించుకోవడానికా.

అప్పుడు చూశాను. గట్టు అవతల తుమ్మ నీడలో మూడు డ్రమ్ములు, మూతల మీద రాళ్లు. వాసన ఇంతవరకు ఎట్లా తెలియలేదో. ఆ పక్కన తారాబాయి కొంగు నడుముకు చెక్కుకుని ఒక డ్రమ్ములో కర్రతో కలుపుతోంది, రంగు చూస్తోంది.

భోజన్న ముట్టించని బీడీ అట్లాగే పళ్ల మధ్య పెట్టుకుని నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగాడు.

"నిలవడ్డవేంది, పంతులమ్మా? బకెట్ పట్టు."

పట్టాను.